అండమాన్‌లో మేమిద్దరం, రెండు బ్యాగులు

మా ఆయన్ని నేను మొదటిసారి 'నువ్వు' అన్నది నీల్ ద్వీపంలో, మోకాళ్ల లోతు సముద్రంలో నిలబడి, గొంతు చించుకుని అరుస్తూ. అప్పటికి మా పెళ్లయి ఏడాదిన్నర. 2012 ఫిబ్రవరి మాట ఇది, పుష్కరం దాటిపోయింది. అయినా ఆ ఇరవై రోజుల్లో ఏ పూట ఎక్కడున్నామో, ఏం తిన్నామో, ఏ పడవ కోసం ఎంతసేపు కూర్చున్నామో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

మాది పెద్దలు కుదిర్చిన పెళ్లి. విశాఖలో మా ఇంట్లో ఏడుగురం ఉండేవాళ్లం. అందరూ మంచివాళ్లే, ఎవరి మీదా నాకు ఏ కష్టమూ లేదు, కానీ మేమిద్దరం పది నిమిషాలు మాట్లాడుకోవాలంటే డాబా మీద ఆరేసిన బట్టలు తియ్యడానికి ఇద్దరం కలిసి వెళ్లాల్సి వచ్చేది. ఆయన్ని 'ఏవండీ' అనే పిలిచేదాన్ని. ఆయన పేరు రాసింది బ్యాంకు ఫారాల్లోనే, నోటితో పలికింది ఎవరైనా గట్టిగా అడిగినప్పుడే. ఏడాదిన్నరలో ఆయనకి కాకరకాయ ఇష్టమని తెలిసింది, నిద్రలో ఎడమవైపు తిరుగుతారని తెలిసింది, అంతకుమించి ఏమంత తెలియదు.

అండమాన్ ఆలోచన ఆయనదే. విశాఖ పోర్టు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ప్రయాణికుల ఓడ ఉంటుందని, నెలకి ఒకసారో ఎప్పుడో వెళ్తుందని, విమానం టికెట్‌తో పోలిస్తే బంక్ క్లాస్ టికెట్ చాలా తక్కువని ఎవరో చెప్పారట. ఒక రాత్రి డాబా మీద చెప్పారు, 'వెళ్దామా?' అని. నేను వెంటనే 'ఊఁ' అన్నాను. ఎందుకన్నానో, అంత ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలీదు. మా అమ్మమ్మకి ఫోన్ చేసి చెబితే, 'అండమానా! మా చిన్నప్పుడు మనుషుల్ని అక్కడికి శిక్ష వేసి పంపేవాళ్లే, మీరు డబ్బులిచ్చి వెళ్తున్నారా!' అని బోలెడంత ఆశ్చర్యపోయింది.

సర్దుకునేటప్పుడు ఆయన ఒకే ఒక్క షరతు పెట్టారు. ఎవరి బ్యాగు వాళ్లే మొయ్యాలి. ఆ మాటకి నాకు మనసు చివుక్కుమంది, భర్త అన్నవాడు భార్య సామాను మొయ్యడా అని. నా బ్యాగు భుజాన వేసుకుని వీధి చివరిదాకా నడిచి రమ్మన్నారు. సగం దూరం కూడా వెళ్లకుండానే వెనక్కి వచ్చేశాను. అప్పుడు రెండు చీరలు తీసేశాను, ఒక జత చెప్పులు తీసేశాను, హెయిర్ డ్రయ్యర్ తీసేశాను. మళ్లీ నడిచాను. ఇంకో నాలుగు వస్తువులు బయటికొచ్చాయి. చివరికి మూడు చుడీదార్లు, ఒక తువ్వాలు, టార్చి, మందులు, మా అత్తగారు పట్టుబట్టి పెట్టిన సంక్రాంతి అరిసెల డబ్బా మిగిలాయి. అరిసెలు మాత్రం ఎంత బరువైనా తియ్యనివ్వలేదావిడ.

ఓడ బయలుదేరే రోజు మధ్యాహ్నం నుంచి పోర్టులో కూర్చుంటే సాయంత్రానికి ఎక్కించారు. ఓడ కదిలినట్టు ముందు నాకు తెలియనే లేదు, ఒడ్డు కదులుతోందనుకున్నాను. కుడిపక్కన డాల్ఫిన్స్ నోస్ కొండ మా నెత్తి మీదికి వంగినంత దగ్గరగా వచ్చింది, ఎడమపక్క వేంకటేశ్వరస్వామి గుడి కొండ, దర్గా కొండ, చర్చి కొండ మూడూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. బీచ్ రోడ్డు మీద నడుస్తూ ఎన్నిసార్లు చూసుంటానో ఆ ఓడల్ని, అక్కణ్నుంచి ఇక్కడికి చూడటం అదే మొదలు. ఊరి దీపాలు ఒక గీతలా అయ్యి, ఆ గీత కూడా పోయాక రెయిలింగ్ పట్టుకున్న నా చేతులు వణికాయి. ఆయన ఏమీ అనలేదు, వచ్చి పక్కన నిలబడ్డారు. ఇద్దరి మధ్య ఒక జానెడు దూరం.

బంక్ క్లాస్ అంటే ఓడ కింది అంతస్తులో పెద్ద హాలు, వరసల కొద్దీ కిందా పైనా పడకలు, పసిపిల్లల ఏడుపులు, డీజిల్ వాసన, ఎవరో విప్పిన పులిహోర పొట్లం వాసన. మొదటి రాత్రి నాకు కడుపులో తిప్పి ఏదీ ఇమడలేదు. పక్క పడకలో శ్రీకాకుళం వైపు ఒక ముసలమ్మ ఉండేది, కొడుకు పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో చేపల వేటకి వెళ్తాడట, ఏటా ఈ ఓడలోనే వెళ్లొస్తుందట. ఎండు ఉసిరిముక్క ఒకటి నా చేతిలో పెట్టి, 'బుగ్గన పెట్టుకోయే, పడుకోకు, పైకెళ్లి గాలికి కూకో' అంది. పైకి వెళ్లాను. ఆయనా వచ్చారు. ఆ రాత్రంతా డెక్ మీదే. తెల్లవారుజామున ముసలమ్మ మా కోసం పైకొచ్చి చూసి, 'ఏటమ్మా, పెళ్లయినోలేనా మీరు? అంత దూరంగా కూకున్నారేటి, చలేత్తలేదేటి?' అంది. ఆయన జరిగి కూర్చున్నారు. నేనూ జరిగాను.

దాదాపు రెండున్నర రోజుల ప్రయాణం. చెయ్యడానికి ఏమీ లేదు. ఫోన్లు పనిచెయ్యవు. నీళ్లు మన ఒడ్డు దగ్గర ఉండే ఆకుపచ్చ నుంచి నీలానికి, నీలం నుంచి సిరా రంగుకి మారాయి. ఓడ ముందుభాగం నీటిని చీలుస్తుంటే ఎగిరే చేపలు గుంపుగా లేచేవి, పిచ్చుకలంత వెండి ముక్కలు, నీటిపైన జారుకుంటూ పోయి ఠక్కున మునిగిపోయేవి. వాటిని చూస్తూ ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. చిన్నప్పుడు నాన్నకి చెప్పకుండా జాలర్ల తెప్ప ఎక్కిన సంగతి, ఇంజనీరింగ్‌లో రెండు సబ్జెక్టులు పోయిన సంగతి, ఇంట్లో ఇప్పటికీ తెలియని సంగతి. ఏడాదిన్నరలో విన్న మాటలకంటే ఆ డెక్ మీద రెండు రోజుల్లో ఎక్కువ విన్నాను.

పోర్ట్ బ్లెయిర్‌లో హాడో రేవులో దిగాం. రెండు రోజులే ఉన్నాం, అంతా తెలుగే వినబడింది, ఆటో అతనిది టెక్కలి, టిఫిన్ హోటలు అమ్మది సోంపేట. సెల్యులర్ జైలుకి వెళ్లాం. 1906లో కట్టడం పూర్తయిందట, చక్రంలో ఆకుల్లా ఏడు వరసలు ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక వరస గదుల ముందు వైపు ఇంకో వరస వీపు వచ్చేలా కట్టారు, ఒక ఖైదీకి ఇంకో ఖైదీ ముఖం కనబడకూడదని. ఒక గదిలోకి వెళ్లి నిలబడితే ఎత్తుమీద చిన్న కిటికీ, అందులోంచి వెలుతురు తప్ప మనిషన్నది కనబడదు. అమ్మమ్మ మాట గుర్తొచ్చింది. బయటికొచ్చాక చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

అక్కణ్నుంచి హేవలాక్ దీవికి. రాధానగర్ బీచ్ గురించి అందరూ రాస్తారు, ఫొటోలు అందరూ పెడతారు, నేను కొత్తగా చెప్పేది లేదు, 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అన్నది దాన్నే. నాకు గుర్తున్నది ఇసుక వెనకాల అడవి. మన దగ్గర సముద్రం అంటే సరుగుడు తోటలు, తాటిచెట్లు. అక్కడ నాలుగంతస్తుల మేడంత చెట్లు నేరుగా ఇసుక అంచుదాకా వచ్చి ఆగిపోతాయి. ఆ నీడలోంచి ఒక రోజు పొద్దున ఏనుగు నడిచొచ్చింది. రాజన్ దాని పేరు. ఒకప్పుడు అడవుల్లో దుంగలు లాగించడానికి తెచ్చిన ఏనుగుల్లో ఒకటి, ఒక దీవి నుంచి ఇంకో దీవికి సముద్రంలో ఈదించి తీసుకెళ్లేవారట. మేం చూసేసరికే ముసలిది, ఈత మానేసి హాయిగా అడవిలో తిరుగుతోంది. మావటి వెనక నిదానంగా నడుచుకుంటూ మాకు పది అడుగుల దూరంలోంచి వెళ్లింది, ఇసుకలో దాని అడుగు పళ్లెమంత గుంట పడింది, ఆ గుంటలోకి నా రెండు పాదాలూ పెట్టి నిలబడ్డాను. 2016లో అది చనిపోయిందని పేపర్లో చదివినప్పుడు ఆయనకి ఆఫీసుకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

అక్కడ పొద్దు సంగతి ఒకటి చెప్పాలి. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకంటే ముందు వస్తాడు, ముందు పోతాడు. పొద్దున ఐదుకే తూరుపు తెల్లబడేది, సాయంత్రం ఆరు కొట్టేసరికి చీకటి. ఇంట్లో ఆ టైముకి నేను వంటింట్లో ఉండేదాన్ని, ఆయన బస్సులో ఉండేవారు. ఇక్కడ ఆ పొడుగాటి రాత్రులన్నీ మాకే. హోటలు గది కాదు, వెదురు గుడిసె, దోమతెర, ఒక బల్బు. ఇసుక ఈగలు కుట్టిన చోటల్లా దద్దుర్లు, కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చునేవాళ్లం. గుడిసె ముందు సన్యాసి పీతలు, ఖాళీ గుల్లల్లో దూరి తిరిగే పీతలు, వరసగా పోతుండేవి. ఒకటి తన గుల్లలోంచి బయటికొచ్చి పక్కనున్న కాస్త పెద్ద గుల్లని కాళ్లతో తడిమింది, ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది, చటుక్కున వెనక్కి నడిచి అందులో దూరిపోయింది. ఆ ఒక్క క్షణం దాని ఒంటి వెనక భాగం కనబడింది, మెత్తగా, గులాబీ రంగులో, ఏ రక్షణా లేకుండా. అందుకే అక్కణ్నుంచి గుల్లలు ఏరి తెచ్చుకోకూడదంటారు, ఒక గుల్ల తెస్తే ఒక పీతకి ఇల్లు పోయినట్టే. నేను అప్పటికే ఏరిపెట్టుకున్న గుల్లలు ఏడు, ఆ రాత్రే అన్నీ తీసుకెళ్లి ఇసుకలో పెట్టేశాను.

ఎలిఫెంట్ బీచ్‌కి అడవిలోంచి నడిచి వెళ్లాం. ఆ ఒడ్డునిండా సునామీకి కూలిన మహావృక్షాలు, వేళ్లతో సహా పడి ఎండకీ ఉప్పుకీ ఎముకల్లా తెల్లబడ్డాయి. అక్కడ మాస్కు పెట్టుకుని మొదటిసారి నీళ్లలోకి చూశాను. లోపల టక్ టక్ అని చప్పుడు, చిలక చేపలు పగడాన్ని కొరుకుతున్న చప్పుడది, అంత స్పష్టంగా వినబడుతుందని ఎవరూ చెప్పలేదు నాకు. కానీ చాలా చోట్ల పగడాలు బూడిద రంగులో ఉన్నాయి. 2010 వేసవిలో సముద్రం వేడెక్కి పెద్ద ఎత్తున తెల్లబడిపోయాయని మాస్కు అద్దెకిచ్చిన అబ్బాయి చెప్పాడు. ముందు ఎలా ఉండేదో చెబుతుంటే అతని గొంతు మారింది, తన ఊళ్లో కాలిపోయిన వీధి గురించి చెబుతున్నట్టు.

ఇక నీల్. చిన్న దీవి, సైకిల్ మీద ఒక పూటలో చుట్టెయ్యొచ్చు. ఊళ్ల పేర్లు రామనగర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్, సీతాపూర్. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలకి అక్కడ భూములిచ్చారు, వాళ్లు ఆ ఎర్రనేలలో కూరగాయలు పండిస్తారు, పోర్ట్ బ్లెయిర్ సంతకి వెళ్లే కూరల్లో చాలావరకు అక్కడివే. పొట్లపందిరి కింద సైకిళ్లు ఆపి, పందిరి సందుల్లోంచి సముద్రం చూశాం. ఆ రంగుల జోడీ ఇంకెక్కడా చూడలేదు.

లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో రాతి వంతెన ఉంటుంది, అలలు తొలిచి తొలిచి ఆర్చిలా మిగిల్చిన రాయి. ఆటు మీద ఉన్నప్పుడే వెళ్లాలి, నీరు వెనక్కి పోతే ఆ పగడపు రాతి నేల అంతా బయటపడుతుంది, గుంటగుంటలో ఒక్కో చిన్న సముద్రం ఉంటుంది. ఒక గుంటలో నీలిపెదవుల రాకాసి ఆల్చిప్ప, ఒక గుంటలో నల్లగా దోసకాయలా పడుకున్నది ఏదో, ఇంకోదాంట్లో వేలెడంత చారల చేపలు. మేం వంగి చూస్తూ చూస్తూ చాలా దూరం వెళ్లిపోయాం. పోటు తిరిగిన సంగతి మడమలు తడిసేదాకా గమనించలేదు. అక్కడ నీరు అలలా రాదు, నిశ్శబ్దంగా అన్నివైపుల నుంచీ ఒకేసారి ఉబుకుతుంది.

నేను ముందు నడుస్తున్నాను. ఆయన చెప్పు ఒకటి జారి కొట్టుకుపోతుంటే దాని కోసం పక్కకి తిరిగారు. ఆయన కాలు పెట్టబోయే గుంటలో అరచెయ్యి పొడుగు నల్లటి ముళ్లతో సీ అర్చిన్లు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి, నాకు కనబడుతున్నాయి, మీద ఎండ తళుక్కి ఆయనకి కనబడటం లేదు. 'ఆగు! ఆగు అక్కడే! కాలు పెట్టకు, నీకే చెప్తున్నా!' అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన ఆ ఎత్తిన కాలు గాల్లోనే ఆపి నా వైపు చూశారు. ముళ్లు తప్పాయి కానీ వెనక్కి తూలి, రెండో పాదం చచ్చిన పగడం అంచు మీద పడింది. బ్లేడుతో కోసినట్టు చీరుకుపోయింది. నీళ్లలో రక్తం పొగలా విచ్చుకుంది.

ఒడ్డుకి ఎలా తెచ్చానో! ఆయన చెయ్యి నా మెడ చుట్టూ, ప్రతి అడుగూ ముందు నేను పెట్టి చూసుకుని, తర్వాత ఆయన. ఇసుకలో కూర్చోబెట్టి, తాగే నీళ్లతో కడిగి, చున్నీ చింపి కట్టాను. కడుతున్నంతసేపూ ఏడుస్తూనే, 'నొప్పిగా ఉందా? చెప్పు, నొప్పిగా ఉందా?' అంటున్నాను. కట్టు ముడి వేశాక తలెత్తితే ఆయన నన్నే చూస్తున్నారు. 'ఇందాకటి నుంచి నువ్వు అంటున్నావు' అన్నారు. నా మొహం వేడెక్కిపోయింది, 'టెన్షన్‌లో వచ్చేసిందండీ' అన్నాను. 'బాగుంది, అలాగే ఉండనీ' అన్నారు. నేను ఉండనివ్వలేదు. సైకిళ్ల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ 'మీరు' అయిపోయారు.

దీవిలోని ఆసుపత్రిలో కట్టుకట్టి టీటీ ఇంజక్షన్ ఇచ్చారు. పగడం కోసిన గాయం తొందరగా మానదు, ఇసుక తగలనివ్వొద్దు అన్నారు. మర్నాడు పడవ రేవుకి ఆయన బ్యాగు నా వీపు మీద, నా బ్యాగు ముందు పొట్ట మీద. ఆయన వద్దంటున్నారు. నేను వినలేదు. వీధి చివరిదాకా నడిపించి నా బ్యాగు తేలిక చేయించిన మనిషి మీద అప్పుడు నాకు ఎంత ప్రేమొచ్చిందో చెప్పలేను. ఆ రెండు చీరలూ, ఆ హెయిర్ డ్రయ్యరూ ఉండుంటే నేను రెండూ మొయ్యగలిగేదాన్నా!

మళ్లీ హేవలాక్ వచ్చి అక్కణ్నుంచి రంగత్‌కి పడవలో వెళ్లాం, ఉత్తరానికి. మామూలుగా అందరూ పోర్ట్ బ్లెయిర్ నుంచి అండమాన్ ట్రంక్ రోడ్డు మీద బస్సులో వెళ్తారు. ఆ రోడ్డు జారవాలనే ఆదివాసుల అడవిలోంచి పోతుంది. ఆ జనవరిలోనే ఆ రోడ్డు మీద జారవా ఆడవాళ్లని పర్యాటకుల ముందు డాన్సు చేయించిన వీడియో బయటపడి పెద్ద గొడవైంది. మనుషుల్ని చూడటానికి జంతువుల్ని చూడటానికి వెళ్లినట్టు వెళ్లడమేంటి అని ఇద్దరికీ అనిపించింది, వాళ్ల అడవి ఊసే వద్దనుకున్నాం. రంగత్ నుంచి బస్సు మాయాబందర్ వైపు వెళ్లి, ఆస్టిన్ జలసంధి మీద వంతెన దాటి, డిగ్లీపూర్ చేరేసరికి ఒళ్లు హూనం. ఆయన కాలు నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, బస్సులో అందరూ చూస్తున్నారు, మొట్టమొదటిసారి నాకు ఏమీ సిగ్గనిపించలేదు.

ఇంత దూరం వచ్చింది ఆయన శాడిల్ పీక్ ఎక్కుదామని. 732 మీటర్లు, ఆ దీవులన్నిట్లోకీ ఎత్తైన కొండ. ఇంటర్నెట్ సెంటర్‌లో తీయించిన మ్యాపు కాగితం మడతలు పడి చిరిగేదాకా జేబులో పెట్టుకు తిరిగారు. ఆ కాలితో కొండ ఎక్కే మాటే లేదు. కాలీపూర్ ఒడ్డున కూర్చుని, దక్షిణాన మేఘం కప్పుకున్న ఆ కొండని చూస్తూ ఆ కాగితం తీసి, చిన్నగా మడిచి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. ఒక్క మాట అనలేదు, నన్ను కానీ, సముద్రాన్ని కానీ. నాకు అక్కడ అర్థమైంది ఈ మనిషి ఎలాంటివాడో.

కొండ ఎక్కలేదు కాబట్టే తాబేలుని చూశాం. కాలీపూర్‌కి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆలివ్ రిడ్లేలు, ఆకుపచ్చ తాబేళ్లు, డేగముక్కు తాబేళ్లు, అన్నిటికన్నా పెద్దవైన లెదర్‌బ్యాకులు, నాలుగు రకాలూ ఆ ఒక్క ఒడ్డుకే వస్తాయంటారు. అటవీశాఖ గార్డు ఒకాయన రాత్రి రమ్మన్నాడు. టార్చి వెయ్యొద్దు, మాట్లాడొద్దు, కదలొద్దు. మొదటి రాత్రి నాలుగు గంటలు కూర్చున్నాం, ఏమీ రాలేదు. రెండో రాత్రీ రాలేదు. అంత చీకట్లో మాట లేకుండా ఒక మనిషి పక్కన అన్ని గంటలు కూర్చోవడం నా జీవితంలో అంతకుముందు లేదు. ఆయన ఊపిరి నాకు వినబడేది. ఎప్పుడు నిద్రొస్తోందో, ఎప్పుడు కాలు సలుపుతోందో ఆ ఊపిరిని బట్టే తెలిసిపోయేది.

మూడో రాత్రి పదకొండు దాటాక నీటి అంచున రాయిలాంటిది ఒకటి కనబడింది. అంతకుముందు అక్కడ రాయి లేదు. ఆ రాయి కదిలింది. ఆలివ్ రిడ్లే. ఆగి, ఒక నిట్టూర్పు, పెద్దవాళ్లు మెట్లెక్కి నిలబడి వదిలే నిట్టూర్పు అచ్చం, మళ్లీ నాలుగు అడుగులు, మళ్లీ ఆగడం. గుడ్లు పెట్టడం మొదలయ్యేదాకా గార్డు మమ్మల్ని కదలనివ్వలేదు, తర్వాత ఎర్ర కాగితం చుట్టిన టార్చితో వెనక నుంచి దగ్గరికి తీసుకెళ్లాడు. అప్పటికే వెనక కాళ్లతో కుండలాంటి గుంట తవ్వేసింది, అరచెయ్యి దోసిలి పట్టినట్టు కాలు మడిచి ఇసుక ఎత్తి పక్కన పెడుతుందట, ఒక్క గింజ కూడా లోపలికి రాలనివ్వదట. గుడ్లు పింగ్‌పాంగ్ బంతుల్లా రెండేసి, మూడేసి పడుతున్నాయి, తడిగా మెరుస్తూ. కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి. అది ఏడుపు కాదట, ఒంట్లో ఎక్కువైన ఉప్పుని అలా బయటికి పంపుతుందట. తెలిసినా నాకు కళ్లు నిండాయి.

అన్నీ పెట్టాక ఇసుక కప్పి, ఒళ్లంతా ఎత్తి ఎడమకీ కుడికీ దభీ దభీమని కొట్టి అదిమింది, మనం రోకలితో పోటు వేసినట్టు. ఆ దెబ్బలు మా కాళ్ల కింద ఇసుకలోంచి తెలిశాయి. తర్వాత ఒక్కసారైనా వెనక్కి తిరగకుండా సముద్రంలోకి వెళ్లిపోయింది. గార్డు గుడ్లు లెక్కపెడుతూ బుట్టలోకి తీశాడు, నూట తొమ్మిది. కుక్కలూ ఉడుములూ తవ్వెయ్యకుండా కంచె లోపల ఇంకో గుంటలో పూడ్చి, తేదీ రాసిన పుల్ల గుచ్చాడు. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలవుతాయట.

నేను ఆయన చెయ్యి పట్టుకుని, 'చూశావా?' అన్నాను, గుసగుసగా. 'చూశాను' అన్నారు. నేను ఏమన్నానో గుడిసెకి వచ్చి పడుకున్నాక కానీ గుర్తురాలేదు. ఈసారి సర్దుకోలేదు.

తర్వాతి రోజులు తొందరగా అయిపోయాయి. ఏరియల్ బే నుంచి చిన్న పడవలో రాస్, స్మిత్ దీవులకి వెళ్లాం. రెంటినీ కలుపుతూ సన్నటి ఇసుక తోవ, పోటు వస్తే మునిగిపోతుంది, ఆటుకి తేలుతుంది. ఆ తోవ మధ్య నిలబడితే కుడి నుంచి ఒక అల, ఎడమ నుంచి ఒక అల వచ్చి పాదాల దగ్గర కలిసి నురుగై ఇంకిపోయేవి. తిరుగు ప్రయాణానికి పోర్ట్ బ్లెయిర్ వెళ్లే రాత్రి పడవ ఆ రోజు రాలేదు. రేవులో చాప పరుచుకుని కూర్చుంటే, మా తెలుగు విని ఒకావిడ వచ్చి వాళ్లింటికి తీసుకెళ్లింది. జాలర్ల ఇల్లు, వాళ్ల మామగారి కాలంలో సోంపేట వైపు నుంచి వచ్చారట, పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో బెంగాలీ మాట్లాడుతున్నారు. వేడివేడి అన్నంలో చేపల పులుసు పోసి పెట్టింది. అడుగున మిగిలిన అరిసెలు ఆవిడ చేతిలో పెడితే ఒకటి తీసి వాసన చూసి, కొంగున కట్టుకుంది. 'మా అమ్మ పోయాక తిన్లేదమ్మా' అంది. అత్తగారు ఎందుకు పట్టుబట్టి పెట్టారో కానీ, ఆ డబ్బా ఆవిడ కోసమే అంత దూరం మోసినట్టయింది.

ఇప్పుడు ఆ ఊళ్లకి పేర్లు మారాయి. హేవలాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్ అయ్యాయి 2018లో, పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశారు, అక్కడి నుంచి జనం వీడియో కాల్స్ చేస్తున్నారు. అక్కడి వాళ్లకి అది ఎంత అవసరమో నాకు తెలుసు, ఒక్క ఫోన్ కోసం వాళ్లు పడిన అవస్థ చూశాను. మాకు మాత్రం ఆ ఇరవై రోజులు ఫోన్ మోగకపోవడం గొప్ప అదృష్టం.

తిరిగి వచ్చేటప్పుడు విశాఖ ఓడ దొరకలేదు. చెన్నై ఓడ ఎక్కి, అక్కణ్నుంచి రైల్లో వచ్చాం. మళ్లీ డెక్ మీదే రాత్రులు, ఈసారి జానెడు దూరం లేదు. తుని దాటాక రైల్లో పళ్లు తోముకుని, జడ వేసుకుని, చిరగకుండా మిగిలిన ఒకే ఒక్క చున్నీ సర్దుకున్నాను. ఆయన కిటికీ పక్క కూర్చుని నన్నే చూస్తున్నారు. 'ఇంట్లో ఎలా మరి?' అన్నారు. 'ఇంట్లో ఇంటిలాగే' అన్నాను.

ఆటో దిగేసరికి మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన కుంటడం చూసి కంగారుగా మెట్లు దిగుతున్నారు, వెనకాల మామగారు, ఆడపడుచు, అందరూ. ఆయన బ్యాగు నేను అందుకుంటూ, 'ఏవండీ, అది ఇలా ఇవ్వండి' అన్నాను. ఆయన ఇవ్వకుండా ఒక్క క్షణం పట్టుకునే ఉన్నారు, నా మొహంలోకి చూస్తూ. తర్వాత వదిలారు.